గురక ఆగిన ఆ పది సెకన్లు

పిన్ని పంపిన వీడియో నిడివి రెండు నిమిషాల నాలుగు సెకన్లు. చీకటి గది, ఫ్యాను చప్పుడు, బాబాయి గురక. మొదటి అరనిమిషం ఏ ఇంట్లోనైనా వినిపించే గురకే. తర్వాత అది ఉన్నట్టుండి ఆగిపోయింది. పొట్ట మాత్రం పైకీ కిందికీ ఎగిరిపడుతూనే ఉంది. ముక్కులోంచి గానీ నోట్లోంచి గానీ చప్పుడు లేదు. ఒకటి, రెండు, మూడు అంటూ పిన్ని మెల్లగా లెక్కపెట్టడం వినిపిస్తోంది. ఇరవై రెండు దగ్గర ఆయన ఒక్క ఉదుటున గుర్రుమని, ఉక్కిరిబిక్కిరై, ఒళ్లు విదిలించుకుని పక్కకి తిరిగాడు. మళ్లీ గురక మొదలైంది. వీడియో అయిపోయేలోగా ఇంకోసారి ఆగింది.

"ఇరవయ్యేళ్లుగా వింటున్నానురా. ఆగినప్పుడల్లా, హమ్మయ్య, ఇప్పటికి సరిగ్గా నిద్ర పట్టింది అనుకునేదాన్ని" అంది పిన్ని ఫోన్లో.

ఆమె తప్పేమీ లేదు. మన మాటల్లోనే ఆ పొరపాటు ఉంది. 'గుర్రుపెట్టి నిద్రపోయాడు' అంటే ఒళ్లు తెలియకుండా హాయిగా పడుకున్నాడనే మనకు అర్థం. గురక గట్టిగా ఉంటే గాఢనిద్ర అనీ, ఆగితే ఇంకా గాఢనిద్ర అనీ అనుకుంటాం. బాబాయి విషయంలో గురక ఆగడమంటే ఊపిరి ఆగడం. ఈ జబ్బు పేరు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస ఆగే జబ్బు. దీన్ని గుర్తించడం దగ్గర్నుంచి నయం చేసుకోవడం దాకా ప్రతి మెట్టు మీదా ఒక అంకె ఉంటుంది. ఆ అంకెలు తెలిస్తే దీని మీద సగం పట్టు దొరికినట్టే.

మొదటి అంకె పది. గాలి రాకపోకలు పూర్తిగా గానీ, దాదాపు పూర్తిగా గానీ పది సెకన్లు ఆగితే వైద్యులు దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. పూర్తిగా ఆగకుండా గాలి కనీసం 30 శాతం తగ్గి, దాంతోపాటు రక్తంలో ఆక్సిజన్ పడిపోవడమో మెదడు ఉలిక్కిపడి లేవడమో జరిగితే అది హైపాప్నియా. ఈ రెండూ కలిపి గంటకు సగటున ఎన్నిసార్లు వస్తున్నాయో చెప్పేదే ఏహెచ్‌ఐ. నిద్ర పరీక్ష (స్లీప్ స్టడీ) రిపోర్టులో ముందుగా చూడాల్సింది దాన్నే. పెద్దవాళ్లలో గంటకు 5 లోపు ఉంటే మామూలే. 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 ఆ పైన తీవ్రం.

బాబాయి రిపోర్టులో 42 అని ఉంది. కాగితం మీద అది పెద్దగా భయపెట్టే అంకె కాదు. విప్పి చూస్తే తెలుస్తుంది. ఆ రాత్రి ఆయన ఆరు గంటలు పడుకున్నాడు. ఆరుని 42తో హెచ్చవేస్తే 252. ఒక్కోసారి సగటున ఇరవై సెకన్లు అనుకున్నా 5,040 సెకన్లు, అంటే 84 నిమిషాలు. ఆరు గంటల నిద్రలో దాదాపు గంటన్నర ఆయన గొంతు మూసుకుపోయో, సగం మూసుకునో ఉంది. తెల్లారాక ఆయనకు గుర్తున్నది మాత్రం రెండుసార్లు బాత్రూముకి లేచిన సంగతే.

గొంతులో ఏం జరుగుతుంది

ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతు భాగానికి చుట్టూ గట్టి ఎముక ఆధారం లేదు. మెత్తటి గొట్టం అది. మెలకువగా ఉన్నంతసేపూ కండరాలు దాన్ని తెరిచి పట్టుకుంటాయి. నిద్ర పట్టగానే అవి వదులవుతాయి. నాలుక వెనక్కి జారుతుంది, కొండనాలుక, మెత్తని అంగిలి వేలాడతాయి. దారి కొంచెం ఇరుకైతే గాలికి అవి అదిరి గురక వస్తుంది. బాగా ఇరుకైతే, మనం లోపలికి పీల్చే గాలి తాకిడికే గొట్టం గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కొబ్బరి బొండంలో నీళ్లు అయిపోయాక కూడా పీలుస్తుంటే కాగితపు గొట్టం నొక్కుకుపోతుంది చూడండి, అలాగ.

ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మెదడు ప్రమాదం పసిగట్టి కొన్ని సెకన్లు లేస్తుంది. కండరాలు బిగుస్తాయి, గొంతు తెరుచుకుంటుంది, ఆ గుర్రుమనే శబ్దంతో గాలి లోపలికి దూసుకుపోతుంది. అదే క్షణంలో అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, బీపీ ఎగుస్తాయి. రాత్రంతా ఇదే తంతు. మామూలుగా నిద్రలో బీపీ కొంత తగ్గాలి. వీళ్లకు ఆ విశ్రాంతి దక్కదు. అందుకే మూడు రకాల మందులు వాడుతున్నా బీపీ అదుపులోకి రానివాళ్లను గుండె డాక్టర్లు ముందుగా అడగాల్సిన ప్రశ్న, 'గురక పెడతారా?' అన్నదే.

రాత్రిపూట మాటిమాటికీ మూత్రానికి లేవడం వెనక కూడా ఇదే ఉండొచ్చు. మూసుకున్న గొంతు మీదుగా గాలి లాగాలని ఛాతీ పెనుగులాడుతుంటే గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, మూత్రం పెంచే హార్మోను వదులుతుంది. షుగరేమో, ప్రొస్టేటేమో అని పరీక్షలు చేయించుకుని, అన్నీ మామూలుగానే ఉన్నాయంటే ఊరుకున్నవాళ్లు మన చుట్టూ ఎంతమందో.

ఎంతమందికి ఉంది

2019లో లాన్సెట్ వారి శ్వాసకోశ వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ల వయసువారిలో 93.6 కోట్ల మందికి ఏహెచ్‌ఐ 5 లేదా అంతకుమించి ఉంది. 15 లేదా అంతకుమించి ఉన్నవాళ్లు 42.5 కోట్లు. మన దేశం సంగతి చూస్తే, ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అప్పటిదాకా జరిగిన భారతీయ అధ్యయనాలన్నీ కలిపి 2023లో లెక్క తేల్చారు. పెద్దవాళ్లలో సుమారు 11 శాతం మందికి ఈ జబ్బు ఉంది. మగవాళ్లలో 13 శాతం, ఆడవాళ్లలో 5 శాతం. పనిచేసే వయసులో ఉన్నవాళ్లే పది కోట్లకు పైబడి ఉంటారని, వాళ్లలో సుమారు 4.7 కోట్ల మందికి మధ్యస్థ లేదా తీవ్ర స్థాయిలో ఉందని వాళ్ల అంచనా. పదిమంది పనిచేసే ఆఫీసులో ఒకరికి ఉండొచ్చన్నమాట.

ఆడవాళ్ల 5 శాతం దగ్గర కాస్త ఆగాలి. నెలసరి ఆగిపోయాక వాళ్లలో ఈ జబ్బు బాగా పెరుగుతుంది. లక్షణాలు కూడా తరచూ వేరేగా ఉంటాయి. పెద్ద గురక కన్నా నిద్ర పట్టడం లేదనో, పొద్దున్నే తలనొప్పి అనో, రోజంతా నీరసం అనో చెబుతారు. దాంతో రక్తహీనత అనో దిగులు అనో తేల్చి పంపేస్తారు. ఇంకొకటి, మగవాడి గురక గురించి భార్య డాక్టరుకు చెబుతుంది. భార్య గురక గురించి చెప్పే భర్తలు తక్కువ. తన గురక గురించి తాను చెప్పుకోవడం ఆమెకు సిగ్గు. ఆ సిగ్గు వదలాలి, ఇంట్లోవాళ్లు వదిలించాలి.

లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనేది ఇంకో అపోహ. బరువు పెద్ద కారణమే. కానీ దవడ చిన్నదై వెనక్కి ఉన్నవాళ్లకు, గొంతు దారి పుట్టుకతోనే ఇరుకైనవాళ్లకు సన్నగా ఉన్నా వస్తుంది. ఆసియా వాసుల్లో పాశ్చాత్యుల కన్నా తక్కువ బరువుకే ఈ జబ్బు కనిపిస్తుంది.

ఈ జబ్బు పేరు మన దేశంలో చాలామంది తొలిసారి విన్నది 2022 ఫిబ్రవరిలో. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో తెలుగువాళ్లను ఊపేసిన సంగీత దర్శకుడు బప్పీ లాహిరి ఆ నెల 15న 69 ఏళ్ల వయసులో ముంబైలో కన్నుమూశారు. ఆయనకు స్లీప్ ఆప్నియా ఉందని వైద్యులు చెప్పారు. నాలుగు రోజులు టీవీల్లో చర్చలు జరిగాయి, ఆ తర్వాత అందరం మరిచిపోయాం.

ఇంట్లోనే చూసుకునే లెక్క

ఎనిమిది ప్రశ్నల పరీక్ష ఒకటుంది. పేరు స్టాప్‌బ్యాంగ్. ఆపరేషన్‌కు ముందు మత్తు ఇవ్వాల్సిన రోగుల్లో ప్రమాదం ఎవరికుందో తెలుసుకోవడానికి కెనడాలోని టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం 2008లో దీన్ని తయారుచేసింది. తలుపు వేసినా వినపడేంత గురక ఉందా? పగలు అలసట, కునికిపాట్లు ఉన్నాయా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? బీఎంఐ 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? మగవారా? అవునన్న ప్రతిదానికీ ఒక మార్కు. రెండు దాకా వస్తే ప్రమాదం తక్కువ. మూడు, నాలుగు అయితే మధ్యస్థం. ఐదు ఆపైన ఎక్కువ.

మెడ కొలవడానికి టేపు వెతకక్కర్లేదు. చొక్కా కాలరు లోపలి అంకె చూడండి. 16 అంగుళాలంటే 40 సెంటీమీటర్లు దాటినట్టే. బాబాయి చొక్కా కాలరు పదేళ్లలో 15 నుంచి 17కి వచ్చింది. 'బట్ట ముడుచుకుపోతోంది' అని పిన్ని కొట్టువాణ్ణి తిట్టేది. ఇక బీఎంఐ 35 అన్నది కెనడా రోగులను చూసి పెట్టిన గీత. మన దగ్గర 25 దాటితేనే స్థూలకాయం కింద లెక్క. 35 లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

పగటి కునుకును కొలవడానికి ఎప్‌వర్త్ స్కేలు ఉంది. ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ 1991లో రూపొందించాడు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, సభలో కూర్చున్నప్పుడు, గంటసేపు కారులో వెనక కూర్చున్నప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు, భోజనం చేసి ఊరికే కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు కొద్ది నిమిషాలు ఆగినప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత? ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 24కి 10 దాటితే ఆలోచించాలి. బాబాయికి 17 వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో కళ్లు మూసేవాడని ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది. ఆయన అదే కళ్లతో స్కూటరు నడిపేవాడు. ఈ జబ్బు ఉండి చికిత్స తీసుకోని డ్రైవర్లకు ప్రమాదం జరిగే అవకాశం మిగతావాళ్ల కన్నా దాదాపు రెండున్నర రెట్లని 2009లో చేసిన ఒక సమగ్ర విశ్లేషణ తేల్చింది. మీ ఇంట్లో లారీయో బస్సో కారో నడిపేవాళ్లుంటే ఈ అంకెను గుర్తుపెట్టుకోండి.

ప్రశ్నలు అనుమానాన్ని మాత్రమే చెబుతాయి. తేల్చేది స్లీప్ స్టడీ. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు తీగలు అతికిస్తారు. ఛాతీకి, పొట్టకు పట్టీలు కడతారు, ముక్కు దగ్గర గాలి గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతారు. ఇవన్నీ పెట్టుకుని నిద్రెలా పడుతుందని అందరూ అడుగుతారు. చాలామందికి పట్టేస్తుంది. ఇంట్లోనే చేసుకునే చిన్న పరీక్ష కూడా ఉంది. కాకపోతే అందులో మెదడు తరంగాలు ఉండవు కాబట్టి నిద్రపోయిన సమయం తెలియదు. యంత్రం పెట్టుకున్న మొత్తం సమయంతో భాగించేసరికి అంకె అసలు కన్నా తక్కువ రావచ్చు. లక్షణాలు బలంగా ఉండి ఇంటి పరీక్షలో ఏమీ లేదని వస్తే, అక్కడితో వదిలేయకుండా ల్యాబ్‌లో చేయించమని అడగండి.

నీటి గ్లాసులో గొట్టం

చికిత్సల్లో ముందువరుసలో ఉన్నది సీప్యాప్ యంత్రం. సిడ్నీలో కొలిన్ సలివాన్ అనే వైద్యుడు దీన్ని కనిపెట్టాడు. 1981లో ఐదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలను లాన్సెట్ ప్రచురించింది. అంతకుముందు తీవ్రమైన కేసులకు ఉన్న గట్టి మార్గం మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టడం. సీప్యాప్ మందు ఇవ్వదు, ఆక్సిజన్ సిలిండరూ కాదు. గదిలోని మామూలు గాలినే కొద్దిపాటి ఒత్తిడితో ముక్కులోకి పంపుతుంది. సైకిలు ట్యూబులో గాలి ఉంటే గోడలు అతుక్కోవు కదా, గొంతూ అలాగే తెరుచుకుని ఉంటుంది.

ఒత్తిడి అనగానే జనం భయపడతారు. యంత్రాలు పనిచేసేది 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటిమట్టం ఒత్తిడితో. బాబాయికి 9 సరిపోయింది. తొమ్మిది అంటే ఎంతో చూడాలంటే గ్లాసు నిండా నీళ్లు పోసి, జ్యూసు తాగే గొట్టాన్ని తొమ్మిది సెంటీమీటర్ల లోతుకు ముంచి మెల్లగా ఊదండి. బుడగ రావడానికి ఎంత బలం పట్టిందో అంతే. పిల్లలు ఆడుకునేంత బలం.

అసలు కష్టం యంత్రాన్ని రోజూ పెట్టుకోవడంలో ఉంది. అమెరికాలో ప్రభుత్వ బీమా వాళ్లు రాత్రికి కనీసం 4 గంటల చొప్పున నెలలో 70 శాతం రాత్రులు వాడితే వాడుతున్నట్టు లెక్కిస్తారు. నా దృష్టిలో అది పాస్ మార్కు మాత్రమే. పడుకున్నంతసేపూ పెట్టుకోవాలి. ఎందుకో రెండు అధ్యయనాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. స్పెయిన్‌లో పదేళ్లపాటు మగవాళ్లను గమనించి 2005లో ప్రచురించిన లెక్కలో, చికిత్స లేని తీవ్ర రోగుల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు ఏటా వందకు 1.06. సీప్యాప్ వాడినవాళ్లలో 0.35. ఆరోగ్యవంతుల్లో 0.30. అంటే వాడినవాళ్లు దాదాపు ఆరోగ్యవంతుల దగ్గరకు వచ్చారు. కానీ 2,717 మందితో జరిపి 2016లో ప్రచురించిన సేవ్ అనే ట్రయల్‌లో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. అందులో రోగులు యంత్రాన్ని వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే. తక్కువ వాడకమే కారణమని తేలలేదు గానీ, నిద్రలో సగం సమయం కూడా పెట్టుకోకుండా ఫలితం ఆశించడం కష్టం. సీప్యాప్ గుండెను కాపాడి తీరుతుందని నేను హామీ ఇవ్వను. పగటి మగత తగ్గి, మనసు తేలికపడుతుందన్నది మాత్రం ఆ ట్రయల్‌లోనూ కనిపించింది.

మొదటి వారం బాబాయి మాస్కు విసిరికొట్టాడు. "ఏమిటే ఇది, ఐసీయూలో ఉన్నట్టుంది" అని. పిన్ని ఒక ఉపాయం పట్టింది. సాయంత్రం వార్తలు చూసేటప్పుడు అరగంట మాస్కు పెట్టించేది, మెలకువగా ఉండగానే. వారం తిరిగేసరికి అలవాటైంది. పనికొచ్చిన ఇంకో రెండు మార్పులు, మాస్కు సైజు చిన్నది తీసుకోవడం, నోరు ఎండకుండా గాలికి తేమ అందించే నీటి తొట్టి (హ్యుమిడిఫయర్) వాడటం. అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. యంత్రం తెరమీద రోజూ మూడు అంకెలు కనిపిస్తాయి: వాడిన గంటలు, మాస్కు లీకు, మిగిలిన ఏహెచ్‌ఐ. మూడోది 5 లోపు ఉండాలి.

ధర సుమారు 30 వేల నుంచి మొదలై 80 వేల దాకా పలుకుతుంది. చాలామందికి భారమే. అద్దెకు తీసుకుని నెలరోజులు వాడి చూశాక కొనడం మేలు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు జాగ్రత్త. శబ్దం తగ్గించే నురుగు చెడిపోతోందని 2021 జూన్‌లో ఒక పెద్ద కంపెనీ లక్షల యంత్రాలను వెనక్కి పిలిచింది. మోడల్ నంబరు చూసుకోకుండా కొనకండి.

సీప్యాప్ ఒక్కటే దారి కాదు. స్వల్ప, మధ్యస్థ స్థాయిల్లో కింది దవడను కొంచెం ముందుకు పట్టి ఉంచే పరికరాన్ని దంత వైద్యులు అమరుస్తారు. వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువయ్యేవాళ్లకు పక్కకు తిరిగి పడుకోవడమే సగం వైద్యం. రాత్రి మద్యం, డాక్టరు చెప్పని నిద్రమాత్ర గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. గురక తగ్గాలని నిద్రమాత్ర వేసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. బరువు సంగతి అమెరికాలోని విస్కాన్సిన్ అధ్యయనం 2000లో చెప్పింది: శరీర బరువు 10 శాతం పెరిగితే ఏహెచ్‌ఐ 32 శాతం పెరిగింది, 10 శాతం తగ్గితే 26 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి ఎనిమిది కిలోలు. 2024 డిసెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ స్థూలకాయం ఉన్న మధ్యస్థ, తీవ్ర రోగులకు టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను ఆమోదించింది. ఈ జబ్బుకు అనుమతి పొందిన తొలి మందు అదే. ట్రయల్‌లో గంటకు 50 దగ్గర మొదలైన ఏహెచ్‌ఐ ఏడాదిలో 25 నుంచి 29 మేర తగ్గింది. మంచి ఫలితమే, అయినా చాలామందికి ఇంకా కొంత మిగిలే ఉంది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడే మందు కాదది.

జైపూర్ వైద్యులు 2025లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం మనసుకు నచ్చింది. మధ్యస్థ స్థాయి రోగులు 30 మంది. కొందరి చేత రోజుకు 15 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఆరు నెలలు శంఖం ఊదించారు. మిగతావాళ్లు దీర్ఘశ్వాసలు తీశారు. శంఖం ఊదినవాళ్లలో పగటి మగత 34 శాతం తగ్గింది, ఏహెచ్‌ఐ గంటకు నాలుగైదు తగ్గింది. గొంతు కండరాలకు అది కసరత్తు. కానీ ముప్పై మంది చాలా తక్కువ. 42 ఉన్న మనిషికి నాలుగైదు తగ్గితే ఇంకా 37 ఉంటుంది. శంఖం ఊదండి, మాస్కు మాత్రం తీయకండి.

పిల్లల లెక్క వేరు. వాళ్లకు గంటకు ఒకటి దాటినా మామూలు కాదు. టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరగడం ముఖ్య కారణం. నోరు తెరిచి పడుకోవడం, పక్క తడపడం, తరగతిలో కుదురుగా ఉండకపోవడం గుర్తులు. పెద్దవాళ్లలా తూగరు, ఉల్టాగా గంతులేస్తారు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద జరిపి 2013లో ప్రచురించిన ట్రయల్‌లో, టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసినవాళ్లలో 79 శాతం మందికి ఏడు నెలల్లో నిద్ర పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. ఆపరేషన్ చేయకుండా గమనించినవాళ్లలో కూడా 46 శాతం మందికి తగ్గింది. కాబట్టి కత్తికి తొందరపడక్కర్లేదు, అశ్రద్ధా పనికిరాదు. ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఒక్క మాట ఆపరేషన్లకు వెళ్లేవాళ్లకు. మోకాలికైనా కంటికైనా, మత్తు ఇచ్చే డాక్టరుకు గురక సంగతి ముందే చెప్పండి. యంత్రం ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బాబాయి యంత్రం పోయిన నెల చూపించిన సగటు: రాత్రికి 5 గంటల 50 నిమిషాలు, మిగిలిన ఏహెచ్‌ఐ 3.1. ఉదయం తలనొప్పి పోయింది. బీపీ మాత్రల్లో ఒకటి డాక్టరు తగ్గించారు. పిన్ని మొదటి రెండు రాత్రులు, ఆ నిశ్శబ్దానికి భయపడి, ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుందట.

ఈ రాత్రి మీ పక్కన పడుకున్నవాళ్ల గురక ఆగితే హమ్మయ్య అనుకుని అటు తిరిగి పడుకోకండి. ఒకటి నుంచి లెక్కపెట్టండి. పది దాటితే ఫోన్ తీసి రెండు నిమిషాలు వీడియో తీయండి, ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి.